10ఎక్స్ అని కొన్న భూతద్దం రెండింతలు కూడా చూపించట్లేదు, లెక్క ఎక్కడ తప్పింది?

తెనాలి_కుర్రోడు అడిగిన ప్రశ్న

నాన్నకి 74 ఏళ్ళు. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయి ఆరేళ్ళయింది, లోపల వేసిన లెన్సులు బాగానే ఉన్నాయి. గొడవంతా రెటీనాది. మధ్యలో ఉండే మాక్యులా వయసుతో దెబ్బతింది, డ్రై రకం అన్నారు. కుడి కన్ను 6/60, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరం ఆయనకి 6 మీటర్ల నుంచే కనిపిస్తుంది; ఎడమది అంతకన్నా తక్కువ. దూరానికి పవర్ దాదాపు ఏమీ లేదు, దగ్గరకి +3.00, బైఫోకల్ వాడుతున్నారు. "అద్దాలు మార్చినా ఇంతకు మించి రాదు, ఇంట్లో భూతద్దం పెట్టుకోండి" అని డాక్టరు గారు అన్నారు. ఎలాంటి భూతద్దం అని నేనూ అడగలేదు, బయట కుర్చీల్లో ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

సరే అని ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. 10ఎక్స్, 90 మి.మీ. అద్దం, పిడిలో ఎల్ఈడీ లైటు. నాన్న పడక కుర్చీలో వెనక్కి వాలి, ఒళ్ళో పేపరు పెట్టుకుని, అద్దాన్ని పేపరు మీద రెండు వేళ్ళ ఎత్తులో పట్టుకుని చదవబోయారు. హెడ్డింగులు మామూలుగానే చదువుతారు కాబట్టి అవి వచ్చాయి. కింద వార్త మాత్రం రావట్లేదు. ద, ధ, థ మూడూ ఒకేలా ఉన్నాయిరా అంటారు, వత్తులైతే అసలు కనపడవు, అంచనాతో లాగించేస్తున్నారు. మొన్న ఎవరో "పదవి" నుంచి దిగిపోయారన్న వార్తని ఆయన "పడవ" అని చదివి, ఎక్కడ మునిగింది అని అడిగారు. నవ్వొచ్చింది కానీ తర్వాత బాధేసింది.

నేను కూడా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఆయన పట్టుకున్నట్టే పట్టుకుని చూశాను. పదింతలు కాదు కదా రెండింతలు కూడా పెరగలేదు, మహా అయితే ఒక పిసరు పెద్దగా కనిపించింది. అమ్మినవాళ్ళేమో వాపసు గడువు అయిపోయింది అంటున్నారు. ఇంటర్‌లో చదివిన సూత్రం గుర్తుంది: 25ని నాభ్యంతరంతో (సెంటీమీటర్లలో ఫోకల్ లెంగ్త్) భాగించి ఒకటి కలపాలి. దాని ప్రకారం ఈ అద్దం ఎంత? 20ఎక్స్, 30ఎక్స్ అని కూడా అమ్ముతున్నారు, అవి కొనాలా?

ఇంకో తమాషా. నాకు రెండు కళ్ళకీ మైనస్ 8. కళ్ళజోడు తీసేసి మందు స్ట్రిప్పుని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ ఎక్స్‌పైరీ డేటు ఈ భూతద్దంలో కన్నా నాకు పెద్దగా కనిపిస్తోంది. ఇది భ్రమా, నిజమా?

జడ్పీ_మాస్టారు

పదో తరగతి ఫిజికల్ సైన్సు చెప్తాను కాబట్టి ముందు మీ అద్దం సంగతి తేలుస్తా. 90 మి.మీ. వెడల్పుతో 10ఎక్స్ ఒంటి కటకం ఉండదండీ. తక్కువ చేసి చూపిస్తుందా అన్న ప్రశ్నే లేదు, అలాంటిది తయారు కాదు.

ఎందుకంటే 25ని 10తో భాగిస్తే నాభ్యంతరం 2.5 సెం.మీ. రావాలి. రెండు వైపులా సమానంగా ఉబ్బిన గాజు కటకానికి, వక్రీభవన గుణకం 1.5 అనుకుంటే, వక్రతా వ్యాసార్థమూ నాభ్యంతరమూ సమానం. అంటే ఒక్కో వైపు 2.5 సెం.మీ. వ్యాసార్థమున్న గోళంలోంచి కోసిన ముక్క అన్నమాట. ఆ గోళం మొత్తం వెడల్పే 5 సెం.మీ. అందులోంచి 9 సెం.మీ. వెడల్పు ముక్క ఎలా వస్తుంది? నిమ్మకాయలోంచి పుచ్చకాయ చెక్క కోసినట్టు ఉంటుంది. మీరన్న "ఒకటి కలపాలి" సూత్రంతో చూసినా నాభ్యంతరం 2.8 దగ్గరే, గోళం 5.6 సెం.మీ., కథ మారదు. ఇక 30ఎక్స్ చేతి అద్దం అని అమ్మేవాణ్ణి మా పిల్లల ముందు నిలబెట్టాలి.

నాభ్యంతరం కొలవడం తేలిక. పగలు లైట్లు ఆపి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర అద్దాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపండి. కిటికీ తలకిందులుగా గోడ మీద స్పష్టంగా పడిన చోట ఆపి, గోడకీ అద్దానికీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. కిటికీ ఎంత దూరంలో ఉందో అదీ చెప్పండి, చిన్న దిద్దుబాటు ఉంటుంది. వీలైతే అద్దం మధ్యలో ఎంత మందం, అంచు ఎంత మందం కూడా చూడండి.

గురివింద_గింజ

మాది బంగారం పని. అసలైన 10ఎక్స్ ఎలా ఉంటుందో చూడాలంటే ఏ నగల కొట్టుకైనా వెళ్ళి రాళ్ళు చూసే అద్దం ఒకసారి చూపించమనండి. అద్దం వెడల్పు రెండు సెంటీమీటర్లు, అంతే, బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. రాయిని దానికి ఒక అంగుళం దూరంలోకి తేవాలి, అద్దాన్ని కంటికి ఆనించాలి. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళు అద్దాన్ని రాయి మీద పెట్టి తాము దూరం నుంచి తొంగి చూస్తారు, ఏమీ కనపడదు, మా నాన్న నెత్తిన ఒక్కటిచ్చి "అద్దం కంటిది, రాయిది కాదు" అనేవాడు. మీ నాన్నగారు పడక కుర్చీలో వాలి చదవబోవడమే మీ సగం సమస్య అని నా అనుమానం.

హైదరాబాదీ_బాబాయ్

ఈ లెక్కలన్నీ సరే గానీ అంత పవర్ అద్దాలు పెడితే ఉన్న చూపు కూడా పోతుంది, జాగ్రత్త. మా పెదనాన్న అలాగే పెద్ద పవర్ పెట్టుకుని చదివి చదివి కళ్ళు పాడు చేసుకున్నాడు. మా నాయనమ్మ డెబ్బై ఏళ్ళప్పుడు అసలు అద్దాలే లేకుండా పంచాంగం చదివేది. కళ్ళకి విశ్రాంతి ఇవ్వండి, అంతే.

ఆరు_బై_ఆరు

నేను ఆప్టోమెట్రిస్టుని, పన్నెండేళ్ళుగా పవర్లు చూస్తున్నా. మొదట బాబాయ్ గారికి. భూతద్దంతో చదివితే రెటీనా అరగదండీ, అది వాడితే కరిగే సబ్బు కాదు. మీ పెదనాన్నగారి చూపు జబ్బు వల్ల తగ్గుతూ వచ్చి ఉంటుంది, తగ్గిన కొద్దీ పవర్ పెంచుకుంటూ పోయి ఉంటారు, చూసేవాళ్ళకి తిరగబడి కనిపిస్తుంది. నాయనమ్మ గారిది బహుశా శుక్లం మొదలవడం. కంటి లెన్సు మధ్యభాగం గట్టిపడుతున్నప్పుడు కన్ను మైనస్ వైపు జరుగుతుంది, కొన్నాళ్ళు దగ్గర అక్షరాలు అద్దాల్లేకుండా కనిపిస్తాయి, ఊరంతా మెచ్చుకుంటుంది, తర్వాత దూరం మసకబారుతుంది.

ఇప్పుడు తెనాలి గారి విషయం. మీ మైనస్ 8 భ్రమ కాదు. మీ ప్రశ్నకి సమాధానం అందులోనే ఉంది.

డయాప్టర్ అంటే మీటర్లలో నాభ్యంతరాన్ని తిరగేసిన అంకె. మైనస్ 8 కన్నుకి అద్దాలు తీసేస్తే 1ని 8తో భాగించిన దూరంలో, అంటే 12.5 సెం.మీ. దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు మనిషి హాయిగా చదివే దూరం 25 అని పుస్తకాల్లో పెట్టుకున్నారు. మీరు దానికి సగం దూరంలో పెట్టుకున్నారు, రెటీనా మీద బొమ్మ రెండింతలైంది. పైగా కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు మీ మైనస్ అద్దం కంటికి 12 మి.మీ. ముందు ఉండి బొమ్మని దాదాపు 9 శాతం చిన్నది చేస్తుంది, తీసేస్తే ఆ కోత కూడా లేదు. ఆ 12.5 అనేది అద్దం ఉండే చోటు నుంచి కొలిచిన దూరం, కంటి నుంచి కొలిస్తే 13.7. అందుకే మీరు కాంటాక్ట్ లెన్సు పెట్టుకుంటే మైనస్ 8 ఇవ్వరు, మైనస్ 7.25 ఇస్తారు.

భూతద్దం చేసే పని కూడా ఇదే. అక్షరాన్ని సాగదీయదు. దగ్గరికి తెచ్చుకున్నా మసకబారకుండా చూస్తుంది, పెద్దదవడం ఆ దగ్గరతనం వల్ల. మీ నాన్నగారి కంట్లో వేసిన లెన్సు ఒకే దూరానికి బిగించినది, దానంతట అది ఫోకస్ మార్చుకోదు, కాబట్టి ఎంత దగ్గరికి తేవాలంటే అంత పవర్ మనం బయట పెట్టాల్సిందే.

అద్దం మీద రాసే ఎక్స్ అంకెని నేను పట్టించుకోను. కొన్ని కంపెనీలు డయాప్టర్లని 4తో భాగించి రాస్తాయి, కొన్ని ఆ వచ్చినదానికి ఒకటి కలిపి రాస్తాయి. 12 డయాప్టర్ల అద్దం ఒకరి దగ్గర 3ఎక్స్, ఇంకొకరి దగ్గర 4ఎక్స్, రెండూ అబద్ధం కాదు. కొట్లో అడిగేటప్పుడు డయాప్టర్లు ఎన్ని అని అడగండి.

ఎంత కావాలో ఇంట్లోనే అంచనాకి రావచ్చు. ఒక పాత సూత్రం ఉంది, కెస్టెన్‌బామ్ సూత్రం అంటారు: 6/60ని తిరగేయండి, 60 బై 6, అంటే 10 డయాప్టర్లు మొదలు. ఇంకా నమ్మకమైన పద్ధతి చెప్తా. కంప్యూటర్లో తెలుగు వాక్యాలు 48, 32, 24, 16, 8 పాయింట్లలో ప్రింట్ తీయండి. నాన్నగారు బైఫోకల్ కింది భాగంలోంచి, కుడి కన్నుతో, కాగితం 33 సెం.మీ. దూరంలో పెట్టుకుని ఎంత చిన్న సైజు దాకా చదవగలరో చూడండి. వెలుతురు బాగా ఉండాలి, టేబుల్ లైటు కాగితం మీద పడాలి, కళ్ళలో కాదు.

తెనాలి_కుర్రోడు

మాస్టారూ, కొలిచాను. కిటికీకి 4 మీటర్ల దూరంలో అద్దం, గోడకీ అద్దానికీ 23 సెం.మీ. మందం అంచున 2 మి.మీ., మధ్యలో 11 ఉండొచ్చు, రెండు స్కేళ్ళ మధ్య ఇరికించి చూశాను.

ఆరు_బై_ఆరు గారూ, ప్రింట్ తీశాను. 32 పాయింట్లు నిదానంగా చదివారు. 24లో రెండు మాటలు పట్టుకుని మిగతావి ఊహించారు, ఒకటి తప్పు చెప్పి నా మీదే విసుక్కున్నారు. 16 అసలు లేదు.

జడ్పీ_మాస్టారు

శభాష్. 100ని 23తో భాగిస్తే 4.35, కిటికీ 4 మీటర్లలోనే ఉంది కాబట్టి 0.25 కలపాలి, మొత్తం 4.6 డయాప్టర్లు. మందంతో సరిచూద్దాం: మధ్యకీ అంచుకీ తేడా 9 మి.మీ., సగం వెడల్పు 45 మి.మీ., దాని వర్గం 2025. 1.5 గుణకానికి, తేడాని 1000తో హెచ్చించి 2025తో భాగిస్తే పవర్: 4.4. స్కేలుతో కొలిచిన దానికి ఇంతకంటే దగ్గరగా రాదు. కాబట్టి మీ 10ఎక్స్ నిజానికి 1.15ఎక్స్, ఒకటి కలిపే ఉదారమైన లెక్కలో 2.15ఎక్స్. కొన్నిటికి పెద్ద అద్దంలో ఓ మూల చిన్న గుండ్రటి బిళ్ళ ఉంటుంది, పెద్ద అంకె దాన్ని చూసి వేస్తారు. మీదానికి అది కూడా లేనట్టుంది.

ఆరు_బై_ఆరు

ఆ 2.15 కూడా నాన్నగారికి ఎందుకు అందలేదో చూడండి, ఇది నాకు ఎప్పుడు చేసినా ముచ్చటేసే లెక్క. రెండు అద్దాలు ఒకదాని వెనక ఒకటి ఉంటే మొత్తం పవర్: రెండూ కూడి, రెంటి లబ్ధాన్ని వాటి మధ్య దూరంతో మీటర్లలో హెచ్చించి తీసేయాలి. ఆయన భూతద్దం 4.6, బైఫోకల్ 3. పడక కుర్చీలో వాలారు కాబట్టి మధ్య దూరం 30 సెం.మీ. అనుకుందాం. 7.6లోంచి 0.3 ఇంటూ 13.8, అంటే 4.14 తీసేస్తే మిగిలింది 3.46. ఉత్త బైఫోకల్‌తోనే ఆయనకి 3 ఉంది. అంటే భూతద్దం వల్ల వచ్చిన లాభం 15 శాతం! మీరు ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి "ఒక పిసరు" అన్నారు చూశారా, లెక్క కూడా అదే అంటోంది. మీ మైనస్ 8 మీద ఆ కళ్ళజోడు ఎలా కుదిరిందో మాత్రం అడగను. ఇదే అద్దాన్ని కళ్ళజోడుకి ఆనించి, పేపరు 13 సెం.మీ.కి తెచ్చుకుంటే మొత్తం 7.6, బైఫోకల్ మీద రెండున్నర రెట్లు. గురివింద_గింజ గారి నాన్నగారు ఒక్కటిచ్చి చెప్పింది ఇదే.

ఇక కావాల్సినది. 32 పాయింట్లు చదువుతున్నారు, పేపరుకి 8 కావాలి, నాలుగు రెట్లు. ఇప్పుడున్నది 3 డయాప్టర్లు, నాలుగు రెట్లు అంటే 12. 60 బై 6 చెప్పిన 10కి దగ్గరగానే ఉంది. 32 నిదానంగా చదివారన్నారు కాబట్టి 16 కూడా పెట్టి చూడాలి, సరిగ్గా అంచు మీద ఉంటే రెండు లైన్లకే అలసిపోతారు.

12 డయాప్టర్ల చేతి అద్దం 50 మి.మీ. వెడల్పులో దొరుకుతుంది. పేపరు నుంచి 8.3 సెం.మీ. ఎత్తులో పట్టుకోవాలి. అద్దంలో ఒకేసారి ఎంత పేపరు కనిపిస్తుందన్నది కన్ను ఎక్కడుందో దాన్ని బట్టి: అద్దం వెడల్పుని నాభ్యంతరంతో హెచ్చించి కంటి దూరంతో భాగించండి. కన్ను 25 సెం.మీ. దూరంలో ఉంటే 16 మి.మీ. ముక్కే, అంటే రెండు మాటలు. 5 సెం.మీ.కి వస్తే సుమారు 8 సెం.మీ., పేపర్లో కాలమ్ అడ్డంగా మొత్తం వచ్చేస్తుంది. అక్షరం సైజు పెద్దగా మారదు, చదవడం మాత్రం పూర్తిగా మారిపోతుంది.

ఒక చిన్న నియమం: కన్ను అద్దానికి 8 సెం.మీ. కన్నా దూరంగా ఉంటే బైఫోకల్ పైభాగంలోంచి చూడమనండి, అంతకన్నా దగ్గరైతే కింది భాగంలోంచి. కొట్లో ఇచ్చేవాళ్ళు ఇది చెప్పరు.

చేతులు వణుకుతుంటే స్టాండు ఉన్న అద్దం మేలు, పేపరు మీద పెట్టి జరుపుకుంటూ పోవచ్చు. చేతులు ఖాళీగా ఉండాలంటే కళ్ళజోడులోనే 12 పెట్టించవచ్చు, కానీ పేపరుని 8 సెం.మీ.కి తేవాలి, చాలామంది పెద్దవాళ్ళు మొదటి రోజే ఇది నా వల్ల కాదంటారు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్, మదురై అరవింద్ లాంటి చోట్ల లో విజన్ విభాగాలు, అంటే అద్దాలతో కూడా చూపు సరిపోనివాళ్ళ కోసం, వేరుగా ఉంటాయి, అక్కడ పది రకాలు చేతికిచ్చి చదివించి చూస్తారు. ఆన్‌లైన్‌లో కొనే ముందు ఒకసారి వెళ్ళిరండి. ఒకటి మర్చిపోకండి: గళ్ళ కాగితం మీద కానీ తలుపు అంచు కానీ ఉన్నట్టుండి వంకరగా కనిపిస్తోందని ఆయన అంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, డ్రై రకం తడి రకంగా మారి ఉండొచ్చు, దానికి ఇంజెక్షన్లు ఉన్నాయి, తొందరగా వెళ్తేనే లాభం.

హైదరాబాదీ_బాబాయ్

ఒప్పుకున్నా తల్లీ, లేక బాబూ, ఎవరైతే వారు. నాకు 58, చత్వారం వచ్చి పదిహేనేళ్ళయింది, ఇవాళే మొదటిసారి ఆ +2.00 అంటే అరమీటరు అని తెలిసింది. టీవీ సంగతేంటి? మా పెద్దాయనకి టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు కనపడవు.

ఆరు_బై_ఆరు

తల్లినే. టీవీకి దుర్భిణి లాంటి కళ్ళజోళ్ళు ఉన్నాయి కానీ ముందు ఖర్చు లేనిది చేయండి. 3 మీటర్ల దూరంలో ఉన్న కుర్చీని 1 మీటరుకి జరపండి, మూడింతలు. దగ్గర కూర్చుంటే కళ్ళు పాడవుతాయని అనకండి, పైన ఒకసారి అయింది.

తెనాలి_కుర్రోడు

మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించాలి. లో విజన్ దగ్గరకి తీసుకెళ్ళాను. 12, 16 రెండూ ఇచ్చి చూశారు, 16లో అక్షరం పెద్దదే కానీ లైను తప్పిపోతున్నారు, 12 లైటున్న స్టాండు అద్దం తీసుకున్నాం. పడక కుర్చీ మీద మా ఇంట్లో పెద్ద యుద్ధమే అయింది. నలభై ఏళ్ళుగా అందులోనే పేపరు చదివానంటారు. చివరికి టేబుల్ మీద ఏటవాలుగా ఒక చెక్క పెట్టి, కుర్చీలో ముందుకి కూర్చోబెట్టాం. మొదటి నాలుగు రోజులు మెడ నొప్పి అన్నారు. ఇప్పుడు రోజుకి ఇరవై నిమిషాలు, జిల్లా పేజీ దాకా వస్తున్నారు. థలో చుక్క కనిపిస్తోందట. నిన్న నేను చదివిన వార్తలో ఒక మాట తప్పు పలికానని దిద్దారు.

ఆ 10ఎక్స్ మాత్రం మా వాడు తీసుకుని పెరట్లో చీమల వెంట తిరుగుతున్నాడు.

జడ్పీ_మాస్టారు

మంచి వార్త. పిల్లాడు ఆడుకున్నాక దాన్ని ఎండ పడే కిటికీలో మాత్రం వదలనివ్వకండి. 22 సెం.మీ. దూరంలో కర్టెన్ ఉంటే అంటుకుంటుంది, ఆ విషయంలో అది పూర్తి పవర్ చూపిస్తుంది.